గేటు చూసి ఆగే బండి

సొఫ్రోనీ జీపు దారిలో ఎక్కడా చెడిపోదు. ఎవరిదో ఒకరి గేటు ముందే చెడిపోతుంది.

అడవిలో చెడిపోదు. వాగులో చెడిపోదు. మేకపోతు కూడా ఒకసారి ఆలోచించి ఎక్కే ఏటవాలు మీద చెడిపోదు. వానలో, మంచులో, తోడేళ్ళు తిరిగే లోయలో నిక్షేపంగా పోతుంది. పోయి పోయి, పొగగొట్టంలోంచి పొగ లేస్తున్న ఇల్లు కనబడగానే ఒకసారి దగ్గుతుంది. గేటుకు ఎదురుగా వచ్చి ఆగుతుంది. సొఫ్రోనీ దిగుతాడు. టోపీ తీస్తాడు. బానెట్ వైపు బాధగా చూస్తాడు. వంటింటి కిటికీ వైపు అంతకంటే బాధగా చూస్తాడు.

"మళ్ళీనా?" అని లోపల్నుంచి వినిపిస్తుంది.

"ఏం చెయ్యను వదినా, మనం చేసిన బండే కదా," అంటాడు.

ఆ మాటకు మా కింపులుంగ్ ఊళ్ళో ఎవరికీ కోపం రాదు. 'ఆరో' అనే ఆ జీపు పుట్టింది ఈ ఊళ్ళోనే. ఊళ్ళో సగం మంది దాన్ని చేశారు. మిగతా సగం, చేసేవాళ్ళకు సంకటీ చీజూ మూట కట్టి పంపారు. యుద్ధం రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో విమానాల సామాను చేసేవారట. గాల్లో ఎగిరేదానికి సామాను చేసినవాళ్ళం, నేల మీద దొర్లేది ఎంత, అనుకున్నారు పెద్దలు. యాభై ఏడులో మొదటి బండి బయటికొచ్చింది. రష్యా బండి పోలిక, పైన కాన్వాసు. తరువాత ఇంకోటి, దాని తరువాత నాలుగువందల అరవై ఒకటి నంబరుది. డెబ్బైల్లో 'ఇరవైనాలుగు' అనే వరస వచ్చింది. ఓడలెక్కి ఎడారులకు పోయింది. మేము మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎనభైల్లో చిన్న బండ్లు, 'పది' అనే వరస.

ఊళ్ళో వయసులు కూడా ఈ లెక్కనే చెప్పుకుంటారు. "నేను మొదటి బండి నాటిదాన్ని," అంటుంది సొఫ్రోనీ భార్య జంఫీరా. "నెత్తిన గుడ్డ, సుఖం సున్నా. కానీ ఎక్కని కొండ లేదు." సొఫ్రోనీ చెల్లెలి కూతురు స్మరాండా పది వరస నాటిది. చిన్నది, గట్టిది, మలుపు దగ్గర మాట వినదు.

ఒకరోజు ఫ్యాక్టరీ గేటు మూసేశారు. చాలా పెద్ద గేటు. అప్పటినుంచి ఎవరి గేటు లోపల వాళ్ళు కూర్చున్నారు.

ఫ్యాక్టరీలో సొఫ్రోనీ పని తప్పులు పట్టడం. కొత్త బండి తయారు కాగానే దాన్ని కొండలెక్కించి, వాగుల్లో దించి, తిరిగి తెచ్చి, ఏ సెక్షన్ తప్పయితే ఆ సెక్షన్ తలుపు తట్టేవాడు. ఒక్కోసారి నిజంగానే తప్పుండేది. ఎక్కువసార్లు తప్పు అతని చెవిలో ఉండేది. "నాకు వినిపించింది," అనేవాడు. "నీకు నిద్రలో కూడా వినిపిస్తుంది," అనేవాళ్ళు. భోజనాల బల్ల దగ్గర అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. సంకటి ముద్దలో కూడా చప్పుడు వెతుకుతాడని భయం.

అలాంటి మనిషికి చివరికి సొంతంగా ఒక పాత బండి దక్కింది. ఇరవైనాలుగు వరసలోది. బురద రంగు వేయించాడు, కడగనక్కర్లేదని. ఆ బండేసుకుని ఊరి మీద పడ్డాడు.

గేర్‌బాక్సుల సెక్షన్లో మేస్త్రీగా చేసిన హరలాంబీ ఇంటి ముందు అది నెలకొకసారి ఆగేది.

"ఏమంటోంది?" అనేవాడు హరలాంబీ, గేటు మీద మోచేతులు ఆనించి.

"మూడో గేరులో మూలుగుతోంది బావా."

"మూలుగా, ఏడుపా?"

"మూలుగే. ఆదివారాలు ఏడుస్తుంది."

"మూలుగైతే నా పని. ఏడుపైతే నీకు తొక్కడం రాక."

హరలాంబీ బండి కిందకు దూరేవాడు. పొయ్యి మీది బీన్స్ చారు సొఫ్రోనీకి దొరికేది. సాయంత్రానికి ఇద్దరూ ఎవరి పని వాళ్ళు పూర్తిచేసేవారు.

దీపాల తీగలు కట్టే సెక్షన్లో పనిచేసిన పరస్కీవా ఇంటి ముందైతే లైట్లు పోయేవి. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని, తీగలన్నీ బయటికి లాగి జడల్లా పరిచేది.

"ఈ ముడి ఎవరు వేశారు? ఏ గాడిద?"

"నువ్వే వదినా. పోయిన నెల."

"నోర్ముయ్. నా ముడి నాకు తెలీదూ? ఇది మగాడు వేసిన ముడి. బూటు లేసు కట్టినట్టుంది."

సొఫ్రోనీ గభాలున ప్లమ్ సారా గ్లాసులో మొహం దాచుకునేవాడు.

ఊరు ఊరుకుంటుందా? ఆ బండి పెట్రోలుతో కాదు, చారుతో నడుస్తుందన్నారు. దాని జబ్బు ఇంజనులో కాదు, డ్రైవరు కడుపులో ఉందన్నారు. సొఫ్రోనీ వాళ్ళకంటే ముందే నవ్వేవాడు. "మైలేజీ బాగానే ఇస్తోంది. గిన్నెకు రెండు కొండలు," అనేవాడు. జంఫీరా మాత్రం సిగ్గుతో చచ్చేది. "ఇంట్లో వండింది కుక్కకు పెట్టి ఊరంతా అడుక్కుంటున్నాడమ్మా," అని స్మరాండాతో చెప్పుకునేది. స్మరాండా ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది. ఊరి జబ్బులన్నీ ఆమెకు తెలుసు. మామయ్య జబ్బుకు మాత్రం మందు లేదనుకునేది.

ఆ స్మరాండాకు పెళ్ళి కుదిరింది. వరుడు యుస్టిన్, కొండ మీది ప్లాయు పల్లెలో గొర్రెలు పెంచి చీజు చేస్తాడు. పెళ్ళి ఆ పల్లె చర్చిలోనే. నవంబరు నడుమ. మరో రెండు రోజుల్లో క్రిస్మస్ ముందటి ఉపవాసం మొదలవుతుంది. మొదలయితే జనవరి దాకా ఏ చర్చిలోనూ పెళ్ళి చేయరు. అందుకని ఆ ఆదివారం అందరికీ పెళ్ళిళ్ళే. ఫాదర్ గెరాసిమ్ ముందే చెప్పేశాడు: "మధ్యాహ్నం గంట కొట్టేసరికి పెళ్ళికూతురు గుమ్మంలో ఉండాలి. ఆ తర్వాత అవతలి లోయలో ఇంకో పెళ్ళి. ఆగను."

ముందు రెండు రోజులూ వాన కురిసింది. దారి కొట్టుకుపోయింది. పెళ్ళికోసం అద్దెకు మాట్లాడుకున్న తెల్లకారు డ్రైవరు వచ్చి, దారి చూసి, తన బూట్లు చూసుకుని, వెనక్కి తిరిగాడు. ఇక ఆ కొండ ఎక్కగల బండి ఊళ్ళో ఒకటే.

స్మరాండా ఫోనులో యుస్టిన్‌కు చెప్పింది.

"మీ మామయ్య బండిలోనా?" అన్నాడు యుస్టిన్. "అయితే నేను భోంచేసి కూర్చుంటాలే," అన్నాడు.

"నవ్వకు. నాకు ఏడుపొస్తోంది."

"దారిలో ఎన్ని గేట్లున్నాయి?"

ఆమె లెక్కపెట్టింది. ఫోను పెట్టేసి తిన్నగా మామయ్య దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా, ఒట్టెయ్యి. రేపు ఏ గేటు దగ్గరా ఆగనని."

"బండికి చెప్పు. నాకెందుకు చెబుతావ్?"

"నీకే చెబుతున్నా."

సొఫ్రోనీ టోపీ తీసి దాని మీద ఒట్టేశాడు. ఆ టోపీ లేకుండా అతన్ని ఎవరూ పాతిపెట్టరు కూడా, కాబట్టి గట్టి ఒట్టే.

మర్నాడు బండికి ముందు దేవదారు కొమ్మ కట్టారు. అద్దాలకు కుట్టుపనుల తువ్వాళ్ళు కట్టారు. జంఫీరా పెళ్ళి రొట్టెను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. స్మరాండా తెల్లగౌను మోకాళ్ళ దాకా మడిచి, కింద రబ్బరు బూట్లతో ముందు కూర్చుంది. ఈ ఊరి పెళ్ళికూతుళ్ళు అద్దం ముందు ఎలా ఉన్నా, బండి ఎక్కేటప్పుడు ఇలాగే ఉంటారు.

బండి బయల్దేరింది. వాగు దాటింది. బురదలో ఒకసారి నడుం ఊపి బయటికొచ్చింది. దగ్గలేదు, మూలగలేదు. స్మరాండా చెవులు రిక్కించి కూర్చుంది. ఏ శబ్దమూ లేదు. ఇంజను శుభ్రంగా, కడుపు నిండిన పిల్లిలా గురగురలాడుతోంది.

పరస్కీవా ఇల్లు వచ్చింది. ఆమె గేటు ముందే నిలబడి ఉంది. మంచి శాలువా కప్పుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. చేతిలో స్క్రూడ్రైవర్. భుజాన ఒక చుట్ట తీగ.

సొఫ్రోనీ హారను కొట్టాడు. చెయ్యి ఊపాడు. ఆగలేదు.

పరస్కీవా ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. స్మరాండా వెనక్కి తిరిగి చూసింది. ఆమె చెయ్యి దించి, స్క్రూడ్రైవర్‌ను శాలువా అంచుతో తుడిచి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

సొఫ్రోనీ అద్దంలోకి చూడడం మానేశాడు.

"మామయ్యా, ఈ బండికి అసలు ఏ జబ్బూ లేదు కదూ?" అంది స్మరాండా.

"ఎందుకు లేదూ. తలుపు సందులోంచి గాలొస్తుంది."

"గేర్‌బాక్స్ మేస్త్రీ ఇంటి ముందు గేర్‌బాక్స్ పోతుంది. తీగలావిడ ఇంటి ముందు లైట్లు పోతాయి. రంగుల సెక్షన్లో పనిచేసినాయన గేటు తగిలే రంగు గీరుకుపోతుంది. చదువుకున్న బండిలా ఉంది. అడ్రసులు బాగా తెలుసు."

సొఫ్రోనీ మలుపు దగ్గర బండి తిప్పాడు. తిప్పాల్సినదానికంటే ఎక్కువసేపు తిప్పాడు.

"ఫ్యాక్టరీ మూసేశాక ఒకసారి పరస్కీవాను చూడ్డానికి వెళ్ళా," అన్నాడు. "ఎలా ఉన్నావన్నా. బాగున్నా అంది. తలుపేసుకుంది. ఇంకోసారి వెళ్ళా. ఏమన్నా కావాలా అన్నా. నీ సాయం నాకెందుకు అంది. తలుపు ఇంకా గట్టిగా వేసింది. మూడోసారి లైట్లు పోయాయన్నా. చీకటి పడేదాకా వదల్లేదు. ఎంత తిట్టిందనుకున్నావ్! అంత బాగా ఉన్నదాన్ని ఎప్పుడూ చూళ్ళేదు."

"అందరి దగ్గరా అంతేనా?"

"వాళ్ళ తప్పులు పట్టే కదా బతికాను. ఇప్పుడు తప్పులేమో లేవు. కొన్ని చేసి తీసుకెళ్తున్నా."

"మరి చారు?"

"తాగకపోతే అనుమానం రాదూ?"

వెనకనుంచి జంఫీరా అంది: "నాకు చెప్పొచ్చుగా ముసలాడా. ఇన్నాళ్ళూ నా వంట బాలేదేమో అనుకుని చచ్చాను."

"నీ వంట బాలేకపోవడం వేరే సంగతి," అన్నాడు సొఫ్రోనీ. రొట్టె ఒళ్ళో ఉండబట్టి బతికిపోయాడు.

అప్పుడు హరలాంబీ ఇల్లు కనబడింది. చర్చికి ముందు అదే ఆఖరి ఇల్లు. పైన కొండ మీద చర్చి శిఖరం కూడా కనబడుతోంది. హరలాంబీ పెళ్ళికి రానని ముందే చెప్పాడు. భార్య పోయాక అతను గేటు దాటిందే లేదు. ఇప్పుడు గేటు బార్లా తెరిచి, పెళ్ళి కోటు మీద వదులుగా ఉండే పాత ఫ్యాక్టరీ చొక్కా తొడుక్కుని, పనిముట్ల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని, మట్టి దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో, సన్నటి తుంపరకు భుజాలు తడిశాయి.

సొఫ్రోనీ బండి వేగం పెంచాడు. ఒట్టు ఒట్టే.

స్మరాండా శిఖరం వైపు చూసింది. జనవరి గురించి ఆలోచించింది. యుస్టిన్ గురించి ఆలోచించింది. అతను నిజంగానే భోంచేసి కూర్చుంటాడేమో అనుకుంది.

"మామయ్యా, గేర్‌బాక్స్ అరుస్తోంది."

"ఎక్కడ? శుభ్రంగా ఉందే."

"మూడో గేరులో. నాకు వినిపిస్తోంది."

"ఏమీ లేదమ్మాయ్! గంట కొట్టే వేళయింది. తర్వాత నన్నంటావు."

"నాకు వినిపించింది మామయ్యా. ఆపు."

సొఫ్రోనీ ఆమె వైపు చూశాడు. టోపీ సర్దుకుని, బ్రేకు తొక్కాడు. బండి గేటు ముందు ఆగింది.

హరలాంబీ పెట్టెతో పరుగులాంటి నడకతో వచ్చాడు. సొఫ్రోనీ దిగి బానెట్ ఎత్తాడు. హరలాంబీ బండి పక్కగా వచ్చి, స్మరాండా కిటికీ దగ్గర వంగి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఏమైంది? వాడికి ఒంట్లో బాగానే ఉందా?"

"ఎవరికి బాబాయ్?"

"మీ మామయ్యకే. ఇప్పుడే పరస్కీవా ఫోను చేసింది. ఒకటే ఏడుపు. ఆగకుండా వెళ్ళిపోయాడట. గుండె నొప్పేమో చూడు, మొహం పాలిపోయి ఉంది, అంది."

"బాగానే ఉన్నాడు. గేర్‌బాక్స్..."

"గేర్‌బాక్స్‌కేం లేదమ్మా. నేను చేసిన గేర్‌బాక్స్ అది. దానికి ఎప్పుడూ ఏం లేదు. వాడికే, పాపం, ఎవరో ఒకర్ని తప్పు పట్టకపోతే ముద్ద దిగదు. ఫ్యాక్టరీ పోయాక ఎవర్ని పట్టుకుంటాడు? రానీలే అనుకున్నాం అందరం. వస్తాడు, వాడే ఒక స్క్రూ వదులు చేసుకొస్తాడు, మేం బిగిస్తాం. ఒక గిన్నె చారు పోస్తాం. నువ్వు మాత్రం చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు."

స్మరాండా పెదవులు బిగబట్టింది. బానెట్ వెనక మామయ్య టోపీ కదులుతోంది. లేని తప్పు కోసం నిజాయితీగా వెతుకుతున్నాడు. ఇటు ఈయన. తన ఒళ్ళో తెల్లగౌను మీద రెండు రహస్యాలు పెట్టి, రెండోవాళ్ళకు తెలియకూడదు అనుకుంటున్నారు ఇద్దరూ. ఇంత తెలివైన ఊళ్ళో ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందో ఆమెకు కొంచెం అర్థమైంది.

పైన గంట కొట్టడం మొదలైంది.

"అయ్యో!" అంది జంఫీరా.

హరలాంబీ తల ఎత్తి గంట విన్నాడు. పనిముట్ల పెట్టెను వెనక సీట్లోకి తోసి, దాని వెనక తనూ ఎక్కాడు. "ఒరే సొఫ్రోనీ, బానెట్ మూసి తోలు! దీన్ని ఒంటరిగా పంపితే లాభం లేదు. దారి పొడుగునా నేను వింటూ వస్తా."

"గేటు తెరిచే ఉంది బావా," అన్నాడు సొఫ్రోనీ.

"ఉండనీ. తోలమంటుంటే."

బండి కొండ ఎక్కింది. ఎలా ఎక్కిందో అడిగితే జంఫీరా ఇప్పటికీ చెప్పలేదు, కళ్ళు మూసుకుని రొట్టెను పట్టుకుని ఉంది. హరలాంబీ మాత్రం ప్రతి మలుపులోనూ "రెండో గేరు! గాడిదా, రెండో గేరు!" అని అరుస్తూనే ఉన్నాడు.

చర్చి ఆవరణ చేరేసరికి గంట ఆగిపోయింది. ఫాదర్ గెరాసిమ్ గుర్రపుబండి ఎక్కి కూర్చున్నాడు. యుస్టిన్ గుర్రం కళ్ళెం పట్టుకుని బతిమాలుతున్నాడు. "వదులు నాయనా, అవతల వాళ్ళూ మనుషులే," అంటున్నాడు ఫాదర్. గుర్రం గేటు వైపు అడుగేసింది.

సొఫ్రోనీ వేగం తగ్గించలేదు. తిన్నగా వచ్చి, చక్రం తిప్పి, ఆవరణ గేటుకు సరిగ్గా అడ్డంగా బండి నిలిపాడు. ఇంజను ఒకసారి దగ్గింది. ఆగిపోయింది.

గుర్రమూ ఆగింది. సొఫ్రోనీ దిగాడు. టోపీ తీశాడు. బానెట్ వైపు బాధగా చూశాడు.

"తియ్యి సొఫ్రోనీ," అన్నాడు ఫాదర్.

"కదలదు ఫాదర్. మనం చేసిన బండే కదా."

"నాకు చెప్పకు. చర్చికి రాకముందు నేనూ రంగుల సెక్షన్లో రెండేళ్ళు చేశా. తియ్యి."

హరలాంబీ ఫ్యాక్టరీ చొక్కా విప్పి జంఫీరా చేతికిచ్చాడు. కింద ఉన్న పెళ్ళి కోటుతోనే బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందకు జరిగాడు. బూట్లు మాత్రం కనబడుతున్నాయి. కాసేపటికి కిందనుంచి గొంతు వినిపించింది.

"గేర్‌బాక్స్!"

ఫాదర్ ఆ బూట్ల వైపు చూశాడు. రబ్బరు బూట్లతో దిగి, గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకున్న పెళ్ళికూతురి వైపు చూశాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"ఒక పెళ్ళి అయ్యేంతసేపు," అన్నాడు సొఫ్రోనీ. "తర్వాత అవతలి లోయకు మిమ్మల్ని నేనే దింపుతా. మీ గుర్రం కంటే ముందుంటాం."

"ఈ బండిలోనా? ఆ దారిలో ఇళ్ళెన్ని?"

"ఒక్కటీ లేదు ఫాదర్. అంతా అడవే."

ఫాదర్ గెరాసిమ్ నిట్టూర్చాడు. గడ్డం సర్దుకున్నాడు. గుర్రపుబండి దిగి, సంచిలోంచి మెడలో వేసుకునే పట్టు ఉత్తరీయం మళ్ళీ బయటికి తీశాడు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, బండి కింది బూట్లను అడిగాడు:

"పెళ్ళి పాటలతోనా, పాటలు లేకుండానా?"

"పాటలన్నీ పాడండి ఫాదర్," అన్నాడు హరలాంబీ. "గేర్‌బాక్స్ పని. తొందరపడితే చెడుతుంది."